ఇసుక తిన్న గుర్రం: అనంతపురం శివార్లలోని ఒక గుర్రపుశాల నుంచి కేస్ స్టడీ

స్వారీ నేర్పే శాలలో ఒక గుర్రం మొండికేస్తోందని ఎవరైనా చెబితే, కొరడా తీసే ముందు దాని కడుపు పరీక్షించాలన్నది పశువైద్యురాలిగా నా గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని బలపరిచిన కేసుల్లో ఇది అన్నిటికన్నా స్పష్టమైనది. పశువైద్యులకే కాకుండా గుర్రాన్ని శాలలో వదిలి వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకునే యజమానులకూ, స్వారీ నేర్పే శిక్షకులకూ, మేత వేసే సైసులకూ పనికొస్తుందని పూర్తిగా రాస్తున్నాను. శాలవారూ గుర్రం యజమానీ అనుమతి ఇచ్చారు. మనుషుల పేర్లు రాయడం లేదు, గుర్రం పేరు మార్చాను.

గుర్రం, దాని మనుషులు

చుక్క తొమ్మిదేళ్ల మార్వారీ ఆడగుర్రం. నుదుటి మీద తెల్లని మచ్చ, లోపలికి వంగిన చెవులు, నెమ్మదైన స్వభావం. ఛాతీ చుట్టుకొలత 160 సెంటీమీటర్లు, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు 158. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, ఆ ఫలితాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. గుర్రాన్ని తూచే కాటా మన ఊళ్లలో ఎక్కడుంటుంది? ఈ లెక్క మందుల మోతాదుకు సరిపోతుంది. చుక్క బరువు 340 కిలోలు తేలింది.

యజమానురాలిది అనంతపురమే. ఉద్యోగం బెంగళూరులో. వీలైన ఆదివారాల్లో వచ్చి స్వారీ చేస్తుంది. ఈ శాలలో గుర్రాన్ని ఉంచడానికి రెండు పద్ధతులున్నాయి. నెలకు పూర్తి ఖర్చు కడితే గుర్రాన్ని యజమాని తప్ప ఎవరూ ఎక్కరు. తక్కువ కడితే వారంలో కొన్ని పూటలు ఆ గుర్రాన్ని స్వారీ పాఠాలకు వాడుకుంటారు. చుక్క రెండో రకం ఒప్పందం మీద ఉంది. నెమ్మదైనది కాబట్టి కొత్తగా చేరిన పిల్లలందరినీ ముందు దాని మీదే ఎక్కించేవారు. శాలలో ఇంకా పందేల నుంచి విరమించిన రెండు థరోబ్రెడ్లు, కాఠియావాడీ జాతి గుర్రాలు, పిల్లల కోసం పోనీలనే పొట్టి గుర్రాలు, పెళ్లి ఊరేగింపులకు వెళ్లే ఒక మగగుర్రం ఉన్నాయి.

ఇలాంటి శాలలో గుర్రం ఒకటే అయినా, దాన్ని చూసే కళ్లు మూడు చోట్ల ఉంటాయి. సైసు మేత వేస్తాడు, లద్దె ఎత్తుతాడు. శిక్షకుడు మైదానంలో చూస్తాడు. యజమాని ఆదివారం చూస్తుంది. ఒకరు చూసింది ఇంకొకరికి చేరే దారి ఎవరూ ఏర్పరచరు. ఈ కేసులో జబ్బు ముదరడానికి సగం కారణం అదే.

చుక్కకు కడుపునొప్పి వచ్చిన తరువాత ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. సంక్రాంతి దాటినప్పటి నుంచి చుక్క ఎడమ వైపు బాగానే తిరుగుతున్నా, కుడి వైపు క్యాంటర్ (మధ్యస్థమైన పరుగు) అడిగితే తోక విసిరి ఆగిపోతోందని శిక్షకుడు చెప్పాడు. పిల్లలతో ఆడుకుంటోందని, బద్ధకం పట్టిందని ఆయన నిర్ణయించి పిల్లల చేతికి చిన్న బెత్తం ఇచ్చాడు. జీను పట్టీ బిగించేటప్పుడు చుక్క చెవులు వెనక్కి వేసి పళ్లు చూపిస్తోందని యజమానురాలు చెప్పింది. తాను తరచూ రాకపోవడం వల్ల అలిగిందేమో అనుకుందట. సైసు చెప్పింది ఇంకా ముఖ్యమైనది.

"దానికి నేల నాకే అలవాటు పట్టింది డాక్టరమ్మా. లద్దె కూడా ఒకనాడు గట్టిగా, ఒకనాడు పేడలా పడుతోంది. చెబితే మేత మారింది కదా, సర్దుకుంటుందిలే అన్నారు."

ఈ మూడు మాటలూ ఒకే చోట, ఒకే రోజు చేరి ఉంటే రోగనిర్ణయం అక్కడే సగం అయిపోయేది. కుడి వైపు తిరగడానికి అయిష్టం, పట్టీ దగ్గర చిరాకు, మన్ను నాకడం, నిలకడ లేని లద్దె: వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఏమీ చెప్పదు. నాలుగూ కలిస్తే వేళ్లన్నీ పెద్దపేగు వైపే చూపిస్తాయి.

ఆ సాయంత్రం

ఫిబ్రవరి నెల. సాయంత్రం పాఠం మధ్యలో చుక్క ఆగి, ముందు కాలితో నేల గీరి, మెడ తిప్పి కుడి డొక్క వైపు చూసింది. శిక్షకుడు వెంటనే పిల్లను దింపాడు. జీను విప్పేలోపే అది పడుకుంది. నాకు ఫోను వచ్చినప్పుడు వెనక నుంచి ఎవరో ఆముదం, ఇంగువ కలిపి తాగించాలని అంటున్నారు. నేను ఫోనులో మొదట చెప్పింది ఒకటే: నోట్లో ఏమీ పోయవద్దు.

ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఎద్దుకు తాగించినట్టు గుర్రానికి తల ఎత్తిపట్టి సీసాతో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. కడుపునొప్పి నుంచి బతికి బయటపడిన గుర్రం తరువాత న్యుమోనియాతో చనిపోతుంది. పైగా గుర్రానికి వాంతి కాదు. కడుపు నిండి పొంగితే బయటికి దారి లేక జీర్ణాశయం పగిలిపోతుంది. అందుకే లోపల ఏముందో ముక్కు గొట్టంతో చూడకుండా పైనుంచి పోయకూడదు. రెండోది, మేత తీసెయ్యమన్నాను. మూడోది, నిలబడితే నెమ్మదిగా నడిపించమన్నాను. పరుగు పెట్టించవద్దని, పొర్లకుండా ప్రశాంతంగా పడుకుంటే లేపవద్దని చెప్పాను. కడుపునొప్పి వచ్చిన గుర్రాన్ని గంటల తరబడి తిప్పడం మన దగ్గర ఆచారంలా ఉంది. అలసిపోయిన గుర్రానికి నీటి కొరత ఇంకా పెరుగుతుంది.

నేను వెళ్లేసరికి గుండె నిమిషానికి 56 సార్లు కొట్టుకుంటోంది. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. శ్వాస 20. ఉష్ణోగ్రత 38 డిగ్రీలు, అంటే జ్వరం లేదు. చిగుళ్లు కొంచెం పాలిపోయి, తడి తగ్గి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లకు పైగా పట్టింది. ఎడమ డొక్కలో పేగుల చప్పుడు బాగా తగ్గింది, కుడి వైపు అప్పుడప్పుడు వినిపిస్తోంది. తక్కువ మోతాదులో జైలజీన్ అనే మత్తుమందు ఇచ్చి ముక్కు గొట్టం వేశాను. కడుపులో నుంచి వెనక్కి ద్రవం రాలేదు. చిన్నపేగు మూసుకుపోలేదన్న నమ్మకానికి ఇది మొదటి ఆధారం. మలద్వార పరీక్షలో పెద్దపేగు కొంత గాలితో ఉబ్బి, కింది భాగం బరువుగా తగిలింది. మెలిక పడినప్పుడు చేతికి తీగల్లా తగిలే బిగుతు పట్టీలు లేవు.

కడుపులోకి సూది గుచ్చి ద్రవం తీసే పరీక్ష చేయలేదు. ఇసుక అనుమానం ఉన్నచోట ఆ పరీక్షకు నేను వెనుకాడతాను. ఇసుకతో బరువెక్కిన పేగు కడుపు అడుగునే ఆనుకుని ఉంటుంది, సూది నేరుగా పేగులో దిగవచ్చు.

నొప్పికి ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి ఇచ్చాను. చుక్క బరువుకు ఇది దాదాపు ఏడున్నర మిల్లీలీటర్లు. దీన్ని కండలో పొడిచే అలవాటు కొన్ని శాలల్లో ఉంది. దయచేసి మానండి. కండలో క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా విజృంభించి, ఉన్న జబ్బు కంటే ఘోరమైన కుళ్లు పట్టిన సందర్భాలు ఉన్నాయి. ఒకసారి ఇచ్చాక పన్నెండు గంటల లోపు మళ్లీ ఇవ్వకూడదన్నదీ అంతే ముఖ్యం. ఆ లోపు నొప్పి తిరగబెడితే, జబ్బు మందుకు లొంగడం లేదని ఆ నొప్పే చెబుతోంది. మందు మీద మందు వేసి దాన్ని కప్పిపెడితే శస్త్రచికిత్సకు ఉన్న సమయం చేజారుతుంది.

శస్త్రచికిత్స మాట యజమానురాలితో అప్పుడే, ఫోనులోనే మాట్లాడాను. అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. లారీలో గుర్రాన్ని జాగ్రత్తగా తీసుకెళ్తే నాలుగైదు గంటలు. అర్ధరాత్రి గుర్రం పడిపోయాక ఆలోచిద్దామంటే కుదరదు. అందుకే షరతులు ముందే చెప్పాను: గుండె 60 దాటి పెరుగుతూ పోయినా, మందు వేసిన కొద్ది గంటల్లోనే నొప్పి తిరిగి వచ్చినా, గొట్టంలో ద్రవం వెనక్కి వచ్చినా బయలుదేరాలి. డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాను. "తీసుకెళ్లాల్సి వస్తే తీసుకెళ్లండి మేడం, నేను అక్కడికే వచ్చేస్తాను" అంది. శాలవారు లారీని మాట్లాడి గేటు దగ్గర నిలబెట్టారు. అది కదలాల్సిన అవసరం రాలేదు.

రింగర్ లాక్టేట్ సీసాలు వేపకొమ్మకు కట్టి నరం ద్వారా పది లీటర్లు ఎక్కించాం. తెల్లవారేసరికి గుండె 44కు దిగింది, చిగుళ్లు తడిబారాయి, చుక్క కొంచెం లద్దె వేసింది.

ఇసుక జాడ

ఆ లద్దెతోనే అసలు పరీక్ష మొదలైంది. నేలకు తగలని లోపలి భాగం మాత్రమే తీసుకోవాలి, లేకపోతే నేల మీది ఇసుకను చూసి గుర్రాన్ని అనుమానిస్తాం. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ చేతితొడుగులో ఆ లద్దె వేసి, నీళ్లు పోసి, బాగా పిసికి, వేళ్లు కిందికి ఉండేలా మేకుకు తగిలించాను. అరగంట తరువాత తొడుగు వేళ్ల కొసల్లో ఎర్రటి ఇసుక పేరుకుంది. రెండు వేళ్లు మొదటి కణుపు దాకా నిండాయి. సైసు దాన్ని పట్టుకుని నలిపి చూశాడు. అందులో రెండు రకాలు ఉన్నాయని కనిపెట్టింది ఆయనే: సన్నని ఎర్రమట్టి ఒకటి, గరుకైన తెల్లని ఏటి ఇసుక ఇంకొకటి. ఆ పరిశీలన తరువాత మాకు చాలా ఉపయోగపడింది.

తొడుగులో ఇసుక కనిపించకపోతే గుర్రం కడుపులో ఇసుక లేదని చెప్పలేం. లోపల కదలకుండా పేరుకున్న ఇసుక బయటికి రాదు. అందుకని ఇంకో రెండు రకాలుగా చూశాను. రొమ్ము ఎముక చివర వెనకాల, కడుపు అడుగున స్టెతస్కోపు పెట్టి ఐదు నిమిషాలు ఓపిగ్గా విన్నాను. పేగు కదిలిన ప్రతిసారీ చేటలో నూకలు చెరుగుతున్నట్టు సన్నని జరజర వినిపించింది. తరువాత పశువులకు చూలు పరీక్ష చేసే చిన్న అల్ట్రాసౌండ్ యంత్రంతో కడుపు అడుగు చూశాను. పెద్దపేగు గోడకు సహజంగా ఉండే అలల్లాంటి మడతలు చదునై, దాని మీద తెల్లని గీత, కింద నల్లని నీడ కనిపించాయి. గుర్రం కడుపు మొత్తాన్ని ఎక్స్‌రే తీయగల యంత్రం ఉంటే ఎంత ఇసుక ఉందో తేలేది. మన జిల్లా శాలలకు అది అందుబాటులో లేదు. కానీ పేగు ఇసుక బరువుతో అడుగునే ఆనుకుంటుంది కాబట్టి, లోతుగా చూడలేని చిన్న యంత్రం కూడా ఇక్కడ పని చేస్తుంది. కొందరు పశువైద్యుల దగ్గర ఇలాంటి యంత్రాలు కనబడుతున్నాయి. దాన్ని గుర్రానికీ వాడమని తోటి వైద్యులకు నా మనవి.

మిగతా అనుమానాలనూ వదలలేదు. ఈగల వల్ల వ్యాపించే సర్రా జబ్బుకు, పిడుదుల వల్ల వచ్చే బబేసియాకు రక్తపు పూత చూశాం. రెండూ లేవు. పళ్ల అంచుల్లో చిన్న మొనలు ఉన్నాయి, అవి తరువాత అరగదీశాం. జీను వీపుకు సరిగానే కూర్చుంటోంది, వెన్ను కండల్లో నొప్పి లేదు. పట్టీ దగ్గర చిరాకుకు జీర్ణాశయంలో పుండ్లు కూడా కారణం కావచ్చు. గుర్రం జీర్ణాశయంలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచితే పుండ్లు పడతాయి. ఎండోస్కోపీ లేకుండా దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం కాబట్టి, ఖాళీ కడుపుతో ఉంచే సమయం తగ్గించడం చికిత్సలో భాగంగా పెట్టుకున్నాను.

చికిత్స

ఇసుకను కదిలించడానికి ఇసబ్గోల్ పొట్టు, మెగ్నీషియం సల్ఫేట్ (భేది ఉప్పు) రెండూ కలిపి, ఒక్కొక్కటి కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున ముక్కు గొట్టం ద్వారా ఇచ్చాను. అంటే చుక్కకు రోజుకు 340 గ్రాముల ఇసబ్గోల్, 340 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. నాలుగు రోజులు. రెండింటిలో ఏ ఒక్కటి విడిగా ఇచ్చినా వచ్చే ఫలితం కన్నా రెండూ కలిపి ఇస్తే వచ్చేది మెరుగు. లిక్విడ్ పారఫిన్ అనే విరేచన నూనె మీద చాలామందికి నమ్మకం. అది ఇసుక పక్క నుంచి జారిపోతుందే తప్ప ఇసుకను మోసుకురాదు.

ఇసబ్గోల్ ఇచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. నీటిలో కలిపిన కొద్ది క్షణాల్లోనే జిగురై గొట్టంలో గడ్డకడుతుంది. చన్నీళ్లలో కొంచెం కొంచెంగా చల్లి, కలిపీ కలపగానే పంపు కొట్టాలి. ఒకరు కలుపుతుంటే ఒకరు పంపు కొట్టాలి, ఇంకొకరు గుర్రాన్ని పట్టుకోవాలి. మెగ్నీషియం సల్ఫేట్‌ను వేరే నీటిలో కరిగించి, తరువాత పంపాం. ప్రతిసారీ ముందుగా గొట్టంలో ద్రవం వెనక్కి వస్తోందేమో చూసుకున్నాం, నీరు తగ్గలేదని నిర్ధారించుకున్నాం. నీరు ఎండిన గుర్రానికి, మూత్రపిండాలు బాగాలేని గుర్రానికి ఈ ఉప్పు విషమవుతుంది. అందుకే దీన్ని ఇంటి వైద్యంగా బకెట్‌లో కలిపి ప్రయత్నించవద్దు.

రెండో రోజు నుంచి లద్దె పలచబడి ఇసుక దిగడం మొదలైంది. నాలుగో రోజు తొడుగులో నాలుగు వేళ్లు నిండాయి. చూసినవాళ్లు జబ్బు పెరిగిందని భయపడ్డారు. నిజానికి మేం కోరుకున్నది అదే. పన్నెండు రోజుల తరువాత మళ్లీ అల్ట్రాసౌండ్ చూస్తే పేగు మడతలు చాలావరకు తిరిగి వచ్చాయి, కుడి వైపు ఇంకా కొంచెం నీడ మిగిలింది. మరోసారి నాలుగు రోజుల చికిత్స ఇచ్చాక ఆ నీడా పోయింది.

చుక్క ఎక్కడ తింటోంది

ఇక్కడితో కేసు ముగిసిందనుకుంటే ఇంకో మూడు నెలల్లో మళ్లీ అదే వేపచెట్టు కింద సీసాలు కట్టాల్సి వస్తుంది. ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది? సైసు చెప్పిన రెండు రకాల ఇసుకను పట్టుకుని వెతికాం.

ఎర్రమట్టి సంగతి తేలిగ్గానే తేలింది. అనంతపురంలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. పచ్చగడ్డి కొద్ది నెలలే దొరుకుతుంది. మిగతా కాలమంతా జొన్న చొప్ప, వేరుశనగ కట్టె (కాయ తీసేశాక మిగిలే ఎండు మొక్క). ఇందులో వేరుశనగ కట్టె పప్పుజాతి మేత, చొప్ప కన్నా మాంసకృత్తులు ఎక్కువ, గుర్రాలు ఇష్టంగా తింటాయి. ఖరీఫ్‌లో వేసిన కదిరి-6 లాంటి రకాలను పంట చేతికొచ్చాక వేర్లతో సహా పీకుతారు. కాయ వలిచాక వేరుకు అంటిన గరప మట్టితోనే కట్టె వామికి చేరుతుంది. వామి పైభాగం పెద్ద ప్రమాదం కాదు. సంక్రాంతి దాటేసరికి వామి అడుగుకు వస్తారు. నెలల తరబడి రాలిన మట్టి, విరిగిన వేర్లు, పొడి ఆకు అన్నీ అక్కడే ఉంటాయి. చుక్క మొండికేసిందన్న ఫిర్యాదు మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అయితే అదే వామి మేత అన్ని గుర్రాలూ తిన్నాయి. చుక్కకే ఎందుకు వచ్చింది? శాలలోని గుర్రాలన్నిటికీ తొడుగు పరీక్ష చేశాం. థరోబ్రెడ్లు రెండింటిలోనూ కొంచెం ఇసుక కనిపించింది, పోనీల్లో ఇంకా తక్కువ. ఊరేగింపు మగగుర్రంలో అసలు లేదు. అది కోపిష్టి కావడంతో దాన్ని విడిగా కట్టి, రొమ్ము ఎత్తులో ఉన్న సిమెంటు తొట్టిలో మేత వేస్తారు.

ఏటి ఇసుక జవాబు మైదానంలో దొరికింది. స్వారీ మైదానంలో గిట్టలకు మెత్తగా ఉండేందుకు చిత్రావతి ఇసుక పరిచారు. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య గుర్రాలను కంచె కర్రకు కట్టి, కదలకుండా ఉండేందుకు ముందర ఇంత వేరుశనగ కట్టె వేస్తారు. ఒక సాయంత్రం నేను అక్కడ కూర్చుని చుక్కనే చూశాను. ముందు కాడలు తింది. తరువాత రాలిన ఆకు కోసం పై పెదవిని ఇసుకలో అటూ ఇటూ ఆడిస్తూ, ఒక్కొక్క ఎండుటాకునూ ఏరడం మొదలుపెట్టింది. ఆకుతో పాటు ఇసుక పెదవులకు అంటుకుంటోంది. అది నాలుకతో పెదవులు తుడుచుకుంటోంది. మళ్లీ ఏరుతోంది. ఆకే కట్టెలో రుచికరమైన భాగం, ముందుగా రాలేదీ అదే. కొత్త పిల్లలందరికీ కావలసిన గుర్రం కాబట్టి చుక్క ఆ కంచె దగ్గర అందరికన్నా ఎక్కువసేపు నిలబడుతోంది. దాని మంచితనమే దాన్ని రోజూ ఇసుక ముందు నిలబెట్టింది.

దీనికి తోడు శాలలో ఉప్పు గడ్డలు లేవు. చెమటతో పోయిన ఉప్పు కోసం గుర్రం నేల నాకుతుంది. రాత్రి ఏడింటికి వేసిన మేత పది గంటలకల్లా అయిపోతే తెల్లవారే దాకా ఏమీ ఉండదు. స్వేచ్ఛగా ఉన్న గుర్రం రోజులో పద్నాలుగు, పదహారు గంటలు మేస్తుంది. పని లేని నోరు నేల మీద పడుతుంది.

శాలలో ఏమి మారింది

వేరుశనగ కట్టె మానేయమని నేను చెప్పలేదు. ఈ జిల్లాలో అది మానేస్తే గుర్రానికి పెట్టేదేమిటి? బయటి నుంచి ఎండుగడ్డి తెప్పించే స్తోమత ఎంతమందికి ఉంటుంది? మేత అదే ఉంచి పెట్టే తీరు మార్చాం. ఇల్లు కట్టేచోట ఇసుక జల్లించే పెద్ద ఇనుప జల్లెడ ఒకటి తెచ్చి ఏటవాలుగా నిలబెట్టారు. కట్టెను దాని మీద వేసి ముల్లుకర్రతో కొట్టి దులుపుతారు. వేరు దగ్గర కొడవలితో కోసి పారేస్తారు. మొదటి రోజు ఒక బండి కట్టె దులిపితే జల్లెడ కింద పడిన మట్టిని చూసి శిక్షకుడు తలపట్టుకున్నాడు. ఆ మట్టి కుప్పను వారం పాటు తీయవద్దన్నాను, యజమానులందరూ చూడాలని.

వామి అడుగు కట్టె ఇక గుర్రాలకు వేయరు. మైదానంలో మేత పూర్తిగా బంద్. పాఠాల మధ్య గుర్రాలను శాల గచ్చు మీదికి తెచ్చి కడతారు. గదుల్లో తొట్టెలు నేల నుంచి ఎత్తి, వాటి కింద రబ్బరు పరుపులు వేశారు, రాలింది ఏరుకున్నా మట్టి తగలకుండా. రోజుకు శరీర బరువులో రెండు శాతం, అంటే చుక్కకు ఏడు కిలోల దాకా మేత మూడుకు బదులు ఐదు విడతలుగా, చివరిది రాత్రి పదిన్నరకు. నానబెట్టిన ఉలవలు తగ్గించి ఆ లోటు మేతతో పూరించాం. ప్రతి గదిలో ఉప్పు గడ్డ. నీళ్ల తొట్టి రోజూ కడగడం, ఎన్ని బకెట్లు తాగిందో చూడడం.

అన్నిటికన్నా నాకు నచ్చిన మార్పు ప్రతి గది తలుపుకు వేలాడే పలక. సైసు లద్దె సంగతి, మిగిలిన మేత సంగతి రాస్తాడు. శిక్షకుడు పాఠంలో గుర్రం ఎలా ఉందో ఒక ముక్క రాస్తాడు. రాత్రికి దాని ఫోటో తీసి యజమానికి పంపుతారు. సైసుకు చదువు పెద్దగా రాదు, గుర్తులు పెడతాడు: గట్టి లద్దెకు ఒకటి, పలచనిదానికి ఒకటి, నేల నాకితే ఒకటి. చాలు. "మొండికేసింది" అన్న మాట పలకపై రాయకూడదని మాత్రం నేను పట్టుబట్టాను. ఏ వైపు తిరగలేదు, ఎప్పుడు ఆగింది, పట్టీ బిగిస్తే ఏం చేసింది, అవి రాయమన్నాను. గుర్రం చేసింది రాస్తే వైద్యుడికి పనికొస్తుంది. దాని గుణం మీద తీర్పు రాస్తే బెత్తానికి పనికొస్తుంది.

నివారణకు నెలలో ఒక వారం ఇసబ్గోల్ మేతలో కలిపి పెట్టే పద్ధతి ఉంది. యజమానురాలు అడిగితే వద్దనలేదు. అయితే దాని మీద పెట్టే డబ్బు ముందు తొట్టెల మీద, జల్లెడ మీద పెట్టాలని చెప్పాను. ఇసుక లోపలికి పోతూనే ఉంటే ఇసబ్గోల్ ఎంతని మోస్తుంది?

ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ కూడా వచ్చింది. పాఠాలకు వాడుకుంటున్నప్పుడు వచ్చింది కాబట్టి శాలదే బాధ్యత అని యజమానురాలు, గుర్రం ఆమెది కాబట్టి వైద్యం ఆమెదే అని శాలవారు. ఒప్పంద పత్రంలో ఆ మాటే లేదు. చివరికి చెరి సగం పెట్టుకున్నారు. తక్కువ ఖర్చుకు గుర్రాన్ని పాఠాలకు ఇచ్చే ప్రతి యజమానీ రోజుకు ఎన్ని పాఠాలు, ఎక్కేవారి బరువు ఎంత దాటకూడదు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, అత్యవసరంలో బెంగళూరు తరలించే నిర్ణయం ఎవరిది, ఈ నాలుగూ రాయించుకోవాలి. ఇప్పుడు ఈ శాల కొత్త పత్రంలో అవి ఉన్నాయి.

మళ్లీ పాఠాలకు

మూడు వారాలు చుక్కను ఎవరూ ఎక్కలేదు. తరువాత తాడు పట్టుకుని నడక, ఆపైన ట్రాట్ అనే చిన్న పరుగు. ఆరో వారంలో శిక్షకుడే ఎక్కి కుడి వైపు క్యాంటర్ అడిగాడు. అడిగిన రెండో అంగకే అందుకుంది. జీను మారలేదు, పట్టీ మారలేదు, ఎక్కిన మనిషి పాతవాడే. పట్టీ బిగించేటప్పుడు చెవులు కదిలించడం ఇంకా అప్పుడప్పుడు ఉంది, పళ్లు చూపించడం పోయింది. విశ్రాంతి వల్ల, మేత విడతలు పెరగడం వల్ల కూడా కొంత మేలు జరిగి ఉండవచ్చు, అంతా ఇసుక పోవడం వల్లనే అని నేను అనను. కానీ కుడి వైపు తిరగడం గురించి నాకు సందేహం లేదు. కుడి పెద్దపేగులో చివరి నీడ పోయాకే అది సరిగా తిరిగింది.

శిక్షకుడు పిల్లల చేతుల్లోంచి బెత్తాలు తీసేశాడు. కొత్తగా చేరిన పిల్లలకు ఇప్పుడు మొదటి పాఠం గుర్రం ఎక్కడం కాదు: స్టెతస్కోపు పెట్టి డొక్కలో పేగుల చప్పుడు వినడం, దవడ కింద నాడి లెక్కపెట్టడం, లద్దె చూడడం. ఒక తొమ్మిదేళ్ల అమ్మాయి ఈ మధ్య పోనీ ఎడమ డొక్కలో చప్పుడు తక్కువగా ఉందని శిక్షకుడికి చెప్పింది. చూస్తే నిజమే. సాయంత్రం పాఠం ఆపి, నీళ్లు తాగించి, మేత తగ్గించి గమనిస్తే పొద్దుటికి సర్దుకుంది.

చుక్క తొడుగు పరీక్ష నెలకోసారి జరుగుతోంది, సైసే చేస్తున్నాడు. వేళ్ల కొసల్లో చిటికెడు కంటే ఎక్కువ కనబడితే నాకు ఫోను చేయాలని మాట. నవంబరులో కొత్త కట్టె వస్తుంది. ఈసారి పొలం దగ్గరే వేర్లు కోసి తెచ్చే రైతుకు బండికి కొంత ఎక్కువ ఇస్తామని శాలవారు ముందుగానే మాట్లాడుకున్నారు. వామి కింద టార్పాలిన్ పరిచి, దాని మీద వేపమొద్దులు అడ్డంగా వేసి, నేలకు అడుగు ఎత్తున కట్టెను పేర్చాలని అనుకున్నాం.